ఆరంభశూరత్వం లేకుండా 800, 1500: రికార్డు పరుగుకి పేస్ లెక్క ఎలా వేసుకోవాలి

మనవాళ్లకి ఆరంభశూరులని ఎప్పటి నుంచో ఒక పేరుంది. ఆ పేరు పెట్టినవాడు 800 మీటర్ల పరుగు చూసి ఉంటే ఇంకాస్త గట్టిగా పెట్టేవాడు. విశాఖలో ఏ కాలేజీ మీట్‌కి వెళ్లినా ఇదే తంతు. గన్ పేలగానే ఎనిమిది మందీ 200 మీటర్ల పందెంలాగా దూకుతారు. 500 దగ్గరికి వచ్చేసరికి సగం మంది వెనకబడతారు. 650 దగ్గర అందరూ కాళ్లీడ్చుకుంటూ వస్తారు. చివరికి గెలిచేది వేగం పెంచినవాడేం కాదు, మిగతావాళ్ల కంటే కాస్త తక్కువ చితికిపోయినవాడు.

నేనూ ఆ బాపతే. కాలేజీ రోజుల్లో రెండు నిమిషాల్లో 800 పూర్తి చేస్తానని అందరికీ చెప్పుకుని, మొదటి ల్యాప్ (400 మీటర్ల ఒక చుట్టు) 56 సెకన్లలో కొట్టాను. గట్టు మీద స్నేహితులు విజిల్స్ వేశారు. 2:09కి ఫినిష్ లైన్ దాటాను. చివరి వంద మీటర్లలో నాకు గుర్తున్నది నేల మీద సున్నం గీత ఒక్కటే.

అప్పట్లో ఎవరైనా కూర్చోబెట్టి పేస్ లెక్క, అంటే ఎంత దూరానికి ఎన్ని సెకన్లు అన్నది, చెప్పి ఉంటే బాగుండేది అనిపిస్తుంది. ఆ లెక్కే ఇక్కడ చెబుతున్నాను. ప్రపంచ రికార్డు కోసం పరిగెత్తేవాళ్లదీ ఇదే లెక్క, అంకెలే వేరు.

మొదటి పని: ఎంత తగ్గించాలో తేల్చుకోండి

"ఈసారి అదరగొట్టేస్తా" అంటే కుదరదు. అంకె కావాలి, అది అందేంత దూరంలో ఉండాలి.

కెన్యా అమ్మాయి ఫెయిత్ కిప్యెగాన్ సంగతి చూడండి. మైలు పరుగులో (నాలుగు ల్యాపుల మీద కొద్దిగా) ఆమె ప్రపంచ రికార్డు 4:07.64. 2025 జూన్ 26న పారిస్‌లో నాలుగు నిమిషాల లోపు పరిగెత్తాలని ప్రయత్నించింది. గాలికి అడ్డుగా చుట్టూ 13 మంది పేసర్లు (అనుకున్న వేగం తప్పకుండా తోడు పరిగెత్తేవాళ్లు), ప్రత్యేకంగా కుట్టిన బట్టలు, ప్రత్యేకమైన షూలు. మూడు ల్యాపుల దాకా లక్ష్యానికి దగ్గరగానే ఉంది, నాలుగో దాంట్లో జారిపోయింది. 4:06 దగ్గర ఆగింది. పేసర్లని అలా వాడుకోవడం నిబంధనలకి బయటి వ్యవహారం కాబట్టి అది రికార్డు కింద లెక్కకి రాదు కూడా. సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత యూజీన్‌లో 1500 మీటర్లు మామూలు రేసులో పరిగెత్తి, తన పాత రికార్డు 3:49.04ని 3:48.68కి దించింది. ఏడున్నర సెకన్లు ఒకేసారి లాగబోతే రాలేదు, మూడో వంతు సెకను వచ్చింది.

మీరు కూడా గత రెండు నెలల్లో మీ మంచి టైం తీసుకోండి. 1500లో రెండు మూడు సెకన్లు, 800లో ఒక సెకను తగ్గించండి. అంతకంటే ఆశ వద్దు. నా దగ్గరికి పొద్దున్నే వచ్చే ఒక డిగ్రీ కుర్రాడిది 1500లో 4:33. అతనికి 4:30 లక్ష్యం పెట్టాను. ఇకపై 1500కి ఆ అంకెలే వాడతాను.

రెండో పని: కాగితం మీద ముందే పరిగెత్తండి

4:30 అంటే 270 సెకన్లు. వంద మీటర్లకి 18, ల్యాప్‌కి 72. ఇంతవరకు అందరూ వేస్తారు. కానీ 1500 అంటే మూడు ల్యాపుల మీద 300 మీటర్లు. స్టార్ట్ అవతలి వైపు నుంచి ఉంటుంది కాబట్టి ఫినిష్ లైన్ దగ్గర గడియారం మీకు 300, 700, 1100 మీటర్ల దగ్గర కనిపిస్తుంది, 400, 800 దగ్గర కాదు. ల్యాప్ టైం బట్టీ పట్టి, రేసులో గడియారం చూసి ఏమీ అర్థం కాక కంగారుపడే పిల్లల్ని చాలామందిని చూశాను.

అందుకే గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు మూడే. మా కుర్రాడికి అరచేతి మీద పెన్నుతో రాసి పంపాను: 53, 2:05, 3:18. అంటే మొదటి 300 మీటర్లు 53 సెకన్లు, తర్వాతి 400 మీటర్లకి 72, ఆ తర్వాతి 400కి 73, చివరి 400కి మళ్లీ 72.

మూడోదానికి ఒక సెకను ఎందుకు ఎక్కువ ఇచ్చానంటే, మనిషన్నవాడు అక్కడ నెమ్మదిస్తాడు. మొదట్లో ఉన్న ఉత్సాహం పోతుంది, ముగింపు ఇంకా కనబడదు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మొదటిసారి మైలుని నాలుగు నిమిషాల లోపు పరిగెత్తినప్పుడు అతని ల్యాపులు 57.5, 60.7, 62.3, 58.9. మొత్తం 3:59.4. ఎక్కువ టైం పట్టింది మూడో ల్యాపుకే. అదే 64 అయి ఉంటే చరిత్రలో ఆ పేరు వేరేవాడిది అయ్యేది. కాబట్టి మూడో భాగంలో ఒక్క సెకను జారడానికి మీరే అనుమతి ఇచ్చుకోండి. రెండోదానికి మాత్రం ఇచ్చుకోకండి.

ప్రపంచ రికార్డు లెక్క కూడా చూద్దాం. మొరాకో రన్నర్ హిషమ్ ఎల్ గెరూజ్ 1998 జులై 14న రోమ్‌లో 1500 మీటర్లు 3:26.00లో పరిగెత్తాడు. వంద మీటర్లకి సగటున 13.73 సెకన్లు, ల్యాప్‌కి 55 కంటే కాస్త తక్కువ. గంటకి 26 కిలోమీటర్ల వేగం. మన బీచ్ రోడ్డులో ఆదివారం సాయంత్రం స్కూటీ కూడా అంత వేగంగా పోలేదు. ఆ రికార్డు కొట్టాలనుకునేవాడు ఒక్కో వంద మీటర్లలో పదో వంతు సెకను పోగొట్టుకున్నా, చివరికి సెకనున్నర అప్పు తేలుతుంది.

800 సంగతి పూర్తిగా వేరు. నిదానమే ప్రధానం అనే మాట అక్కడ చెల్లదు. కెన్యా రన్నర్ డేవిడ్ రుడీషా 2012 లండన్ ఒలింపిక్స్ ఫైనల్లో 1:40.91 పరిగెత్తాడు. పేసర్ లేడు, మొదటి నుంచి చివరి దాకా తనే ముందు. మొదటి ల్యాప్ 49.28, రెండోది 51.63. అంటే రెండో ల్యాప్ రెండు సెకన్లకి పైగా నెమ్మది. ఇంకా విడదీస్తే 200 మీటర్ల చొప్పున సుమారు 23.4, 25.9, 25.0, 26.6. ఇందులో నాకు నచ్చేది మూడో అంకె. 400 దాటాక, అందరికీ కాళ్లు బరువెక్కే చోట, అతను మళ్లీ వేగం పెంచాడు. వెనకున్నవాళ్లు దగ్గరికి రావాల్సిన చోట రాలేకపోయారు.

మీ లక్ష్యం 2:04 అనుకుంటే ఆ ఆకారంలోనే వేయండి: 29.5, 31, 31, 32.5. మొదటి ల్యాప్ 60.5, 600 దగ్గర 1:31.5. రెండు ల్యాపుల తేడా మూడు నాలుగు సెకన్లు దాటితే మొదట్లో తప్పు జరిగినట్టే. నా 56, 73లో తేడా 17. నవ్వుకోండి.

మొదట్లో ఎంత వేగం వెళ్లినా ఏమీ అనిపించదు, అక్కడే దెబ్బతింటాం. కండరంలో అప్పటికప్పుడు వాడుకునే ఇంధనం కొన్ని సెకన్లకి సరిపడా ఉంటుంది. ఊపిరి, గుండె ఇంకా పూర్తి పనిలోకి దిగవు. ఒకటో తారీఖున జీతం పడ్డవాడికి ఉండే ధైర్యమది. హోటల్ భోజనం, కొత్త చొక్కా, ఎవరడిగినా ఐదొందలు. బిల్లు ఇరవయ్యో తారీఖున తెలుస్తుంది. 800లో ఇరవయ్యో తారీఖు 550 మీటర్ల దగ్గర వస్తుంది.

మూడో పని: గడియారాన్ని ఒంట్లోకి ఎక్కించండి

అన్నింటికంటే ఎక్కువ రోజులు పట్టేది ఇదే. కాగితం మీద 36 సెకన్లని రాసుకోవడం తేలిక. పరిగెత్తుతూ ఇది 36, ఇది 34 అని కాళ్లకి తెలియడం వేరు.

నేను చేయించే పద్ధతి చెబుతాను. వారానికి ఒక రోజు, మంగళవారం అనుకోండి, 200 మీటర్లు ఎనిమిది సార్లు. మధ్యలో 200 మీటర్లు నెమ్మదిగా జాగింగ్. చేతికి వాచ్ ఉండకూడదు. స్టాప్‌వాచ్ నా దగ్గర ఉంటుంది. గీత దాటగానే నేను టైం చెప్పను, ముందు తను చెప్పాలి.

మొదటి రోజు మా కుర్రాడు గీత దాటి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, "ముప్పయ్యారన్నా" అన్నాడు. వాచ్‌లో 33.1. రెండోసారీ 36 అన్నాడు, 33.8. ఐదోసారి నిజంగానే 36.2 వచ్చింది. అప్పుడు మాత్రం, "ఇది బాగా స్లో అయిపోయిందన్నా, నలభై ఉంటాది" అన్నాడు. వాచ్ తిప్పి చూపించాను. నమ్మలేదు. "వాచ్ ఏటైనా పాడైందేమో చూడన్నా" అన్నాడు.

ఆ మూడు సెకన్ల భ్రమే రేసులని పాడుచేస్తుంది. సరైన పేస్ మొదట్లో ఎప్పుడూ నెమ్మదిగానే అనిపిస్తుంది. ఆ అసహనానికి అలవాటు పడాలి. నాలుగు వారాలయ్యేసరికి అతని అంచనా అర సెకను లోపు వచ్చింది. ఎనిమిదింటిలో ఆరు అంచనాలు అర సెకను లోపు వచ్చేదాకా తర్వాతి మెట్టుకి వెళ్లకండి.

తర్వాతి మెట్టు ముక్కలుగా పరిగెత్తడం. 1500 వాళ్లయితే 700 మీటర్లు, ఒక నిమిషం ఆగి 400, మళ్లీ ఒక నిమిషం ఆగి 400. అన్నీ రేసు పేస్‌లోనే. ఇందులో మధ్య 400 మీద కన్నేసి ఉంచండి, నేను డైరీలో దాని కింద ఎర్రగీత గీస్తాను. 800 వాళ్లయితే 500, రెండు నిమిషాలు ఆగి 300. రేసుకి పది రోజుల ముందు ఒక్కసారి 600 మీటర్లు రేసు పేస్‌లో పరిగెత్తి, అక్కడే ఆపేయండి. "ఇంకో 200 ఉండి ఉంటే?" అని అప్పుడే నిజాయితీగా అడుక్కోండి. "చచ్చేవాడిని" అని జవాబొస్తే లక్ష్యం టైంకి ఒక సెకను కలపండి.

పెద్ద మీట్‌లలో ఇప్పుడు ట్రాక్ లోపలి అంచున లైట్లు పెడుతున్నారు. పెట్టిన వేగానికి తగ్గట్టు ఆ వెలుగు ట్రాక్ చుట్టూ పరిగెడుతుంది, రన్నర్ దాని వెంటపడితే చాలు. మనకి అది లేదు గానీ, వంద మీటర్లకొక కోన్ పెట్టి, ఫోన్‌లో 18 సెకన్లకొకసారి బీప్ కొట్టేలా పెట్టి స్పీకర్ గట్టు మీద ఉంచండి. బీప్ వచ్చేసరికి కోన్ దగ్గర ఉండాలి. ముందుగా చేరినా తప్పే. స్నేహితుడు సైకిల్ మీద పక్కనే వస్తానన్నా మంచిదే. 4:30 పేస్ అంటే సరిగ్గా గంటకి 20 కిలోమీటర్లు, సైకిల్‌కి స్పీడోమీటర్ ఉంటే చాలు. ప్రాక్టీస్‌లో మాత్రమే సుమా, రేసులో పక్కన సైకిల్ వస్తే మిమ్మల్ని తీసేస్తారు.

జీపీఎస్ వాచ్‌ని ట్రాక్ మీద నమ్మకండి. కర్వ్‌లని అది అడ్డంగా కోసేస్తుంది.

చోటు, గాలి

చాలామందికి దొరికేది మట్టి గ్రౌండే. సున్నంతో గీసిన ట్రాక్ నిజంగా 400 ఉందా అని టేపుతో ఒక్కసారైనా కొలవండి. లోపల గట్టు ఉంటే దానికి 30 సెంటీమీటర్లు బయటగా, ఉత్త గీతే ఉంటే 20 సెంటీమీటర్లు బయటగా కొలవాలి. అసలు కొలవకుండా, ట్రాక్ ఆరేడు మీటర్లు పొట్టిగా ఉందని తెలియక రికార్డులు కొట్టేసినవాళ్లు ఉన్నారు.

బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున వాహనాలు ఆపేసే సమయంలో పరిగెత్తడం హాయిగా ఉంటుంది, కానీ అక్కడి టైం మీద లెక్కలు కట్టకండి. వేసవి నుంచి వర్షాకాలం దాకా మనకి గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది, రోడ్డు కూడా దాదాపు అదే వాలులో ఈశాన్యానికి పోతుంది. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం మీదుగా పార్క్ హోటల్ వైపు వెళ్తే వీపు మీద చెయ్యేసి తోస్తున్నట్టుంటుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి మొహాన కొడుతుంది. ఒకవైపు టైం చూసుకుని పొంగిపోయినవాడు ట్రాక్ మీద ఏడుస్తాడు.

ట్రాక్ మీద గాలి ఒక స్ట్రెయిట్‌లో తోసి, ఇంకోదాంట్లో ఆపుతుంది. సమానమే కదా అనిపిస్తుంది గానీ, ఎదురుగాలికి పోయేది ఎక్కువ, వెనక గాలికి వచ్చేది తక్కువ. బానిస్టర్ ఆ రోజు గాలి చూసి పరుగు మానేద్దామనే అనుకున్నాడు, దగ్గర్లోని చర్చి మీద జెండా కాస్త వాలాకే సరేనన్నాడు. విశాఖలో సముద్రపు గాలి ఎండెక్కాక లేస్తుంది. కాబట్టి టైం ట్రయల్ (టైం చూసుకోవడానికి పరిగెత్తేది) పొద్దున్న ఆరు గంటలకే పెట్టుకోండి. గాలి ఎక్కువగా ఉంటే ఆ రోజు వదిలేయండి. మేలో ఉక్కపోతకి పంతం పట్టకండి, డిసెంబర్, జనవరి మీవే.

పేసర్

మంచి రన్నర్ దొరుకుతాడు, మంచి పేసర్ దొరకడు. ముందు పరిగెత్తేవాడికి తను గెలవాలని ఉండకూడదు, వెనకవాడి అరుపులకి లొంగకూడదు. బానిస్టర్‌కి మొదట పేసర్‌గా ఉన్న క్రిస్ బ్రాషర్‌ని బానిస్టరే వెనక నుంచి ఇంకా వేగం, ఇంకా వేగం అని అరిచి తొందరపెట్టాడు. బ్రాషర్ తన పేస్ తను పోయాడు. మూడో ల్యాపులో క్రిస్ చాటవే ముందుకొచ్చి చివరి ల్యాప్ దాకా లాక్కెళ్లాడు. బ్రాషర్ ఆ అరుపులకి కంగారుపడి ఉంటే మొదటి ల్యాప్ 55 అయ్యేది, కథ మూడో ల్యాపులో ముగిసేది.

పేసర్ అనుకోకుండా కూడా దొరుకుతాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 800 ఫైనల్లో మొదటి ల్యాప్ ముందుండి లాగింది మన శ్రీరామ్ సింగ్. 400 దగ్గర 51 సెకన్ల లోపే. ఆ వేగం మీదే క్యూబా వీరుడు అల్బెర్టో హువాంటోరెనా 1:43.50తో ప్రపంచ రికార్డు కొట్టాడు. శ్రీరామ్ సింగ్ ఏడో స్థానంలో 1:45.77కి వచ్చాడు. అదే ఊపు అతనికీ కలిసొచ్చింది, ఆ టైం 2018 దాకా జాతీయ రికార్డుగా నిలిచింది. ఆరంభశూరత్వం అన్నిసార్లూ నష్టం కాదని ఒప్పుకోవాల్సిందే.

మీ పేసర్‌కి 53, 2:05 అనే రెండు అంకెలు చాలు. 800 నుంచి 900 మధ్య ఎక్కడో పక్కకి తప్పుకోమనండి. మీరు అతని వెనక ఒక మీటరు దూరంలో, అరడుగు కుడికి ఉండండి. మరీ దగ్గరైతే మడమలు తగిలి ఇద్దరూ పడతారు, దూరమైతే గాలికి అడ్డు పోతుంది. కర్వ్‌లో మాత్రం అతని భుజం పక్కకి ఎప్పుడూ వెళ్లకండి. ఒక మీటరు బయటికి పరిగెత్తితే ఒక్క కర్వ్‌కి మూడు మీటర్ల పైనే అదనం, మీ పేస్‌లో అది అర సెకను. దాటాలంటే స్ట్రెయిట్‌లో దాటండి.

ల్యాప్ టైం అరిచి చెప్పే మనిషిని కూడా మీరే ఎంచుకోండి. ఒక మీట్‌లో టైం చదివే ఆయన ఎండగా ఉందని ఫినిష్ లైన్‌కి పది మీటర్లు అవతల చెట్టునీడలో కుర్చీ వేసుకున్నాడు. ఆయన చెప్పిన ప్రతి అంకెకీ దాదాపు రెండు సెకన్లు ఎక్కువ. ఆ రోజు మా వాళ్లందరూ వెనకబడ్డామనుకుని తోసుకుంటూ పోయారు, చివరి ల్యాపులో వరసగా రాలిపోయారు.

రేసు రోజు

గన్‌కి ముందు పదిహేను నిమిషాల జాగింగ్, తర్వాత రేసు పేస్‌లో ఒక 200. ఆ 200 మీకు ఆ రోజు వేగం ఎలా అనిపిస్తుందో చెబుతుంది.

800లో మొదటి కర్వ్ మీ లేన్‌లోనే. లేన్లు వదిలే గీత దాటగానే లోపలికి అడ్డంగా దూకకండి. బ్యాక్ స్ట్రెయిట్ (ఫినిష్ లైన్‌కి అవతలి వైపు తిన్నని భాగం) చివర లోపలి అంచు మీద చూపు పెట్టి, నెమ్మదిగా ఏటవాలుగా వెళ్లండి. మొదటి 200 తర్వాత ఒక్కసారి భుజాలు దించి ఊపిరి వదలండి. 400 దగ్గర చివరి ల్యాప్ గంట మోగినప్పుడు, ఎలా అనిపించినా సరే, వచ్చే వంద మీటర్లు కొంచెం తోయండి. రుడీషా మూడో అంకె అక్కడే వచ్చింది.

1500లో మొదటి 100 మీటర్లు చోటు కోసం, తర్వాత 600 మీటర్లు బుర్ర కట్టేసుకుని పేసర్ వీపు చూడడమే. అసలు పని 700 దగ్గర మొదలవుతుంది. కాసేపట్లో పేసర్ తప్పుకుంటాడు, ఎదురుగా ఖాళీ ట్రాక్, గొంతు ఎండుకుపోతుంది. ఇక్కడ ల్యాప్ మొత్తం గురించి ఆలోచించొద్దు. వంద మీటర్లు మాత్రమే ఆలోచించండి, ఆ వందలో చేతులు మాత్రమే. చేతులు వేగంగా ఊగితే కాళ్లు వెంట వస్తాయి. ముందు ఎవరైనా ఉంటే వాళ్ల నడుము మీద చూపు పెట్టండి, పాదాల మీద వద్దు.

1100 దగ్గర గంట. 3:18 ఉందా, 3:19 ఉందా అని అప్పుడు లెక్కలు వేయొద్దు. 300 మిగిలినప్పుడు కొంచెం, 150 మిగిలినప్పుడు ఉన్నదంతా. 1999లో రోమ్‌లో ఎల్ గెరూజ్ మైలు 3:43.13కి పరిగెత్తినప్పుడు నోవా ఎన్‌గెనీ చివరి మీటరు దాకా వెన్నంటే ఉండి 3:43.40కి వచ్చాడు. ఇద్దరూ పాత ప్రపంచ రికార్డు కంటే ముందే. వెనక అడుగుల చప్పుడు వినబడుతోందంటే అది మీ అదృష్టం.

ఒక మాట. చివరి వంద మీటర్లు మా కుర్రాడు 15 సెకన్లలో కొట్టేస్తే జనం చప్పట్లు కొడతారు, నేను కొట్టను. మిగిలిన ఆ శక్తిని 700 నుంచి 1100 మధ్య వాడి ఉంటే టైం ఇంకా తగ్గేది.

రేసయ్యాక నీళ్లు తాగి, ఎవరితోనూ మాట్లాడకముందే నాలుగు అంకెలూ డైరీలో రాయండి. మా వాడు మొన్న రాసుకున్నవి ఇవి: 52.4, 72.1, 74.6, 71.7. మొత్తం 4:30.8. తీసుకొచ్చి చూపిస్తూ, "ఎనిమిది పాయింట్లలో పోయిందన్నా" అన్నాడు. 74.6 కింద ఎర్రగీత గీసి డైరీ వెనక్కి ఇచ్చాను. మంగళవారం ఆరింటికి గ్రౌండ్‌కి వస్తాడు.